వాల్వు సెట్టుకు ఓ సంబంధం

ఆ ఇంటి అటక మీద పాత పంచెలో చుట్టిన మూట ఒకటి ముప్ఫయ్యేళ్లుగా అలాగే ఉంది. దసరాకు బూజులు దులిపినప్పుడల్లా కిందికి దిగుతుంది, ‘దీన్నేం చేద్దాం?’ అన్న ప్రశ్న లేస్తుంది, జవాబు దొరక్కుండానే మళ్లీ పైకెక్కుతుంది. పాత సామాన్లవాడికి వేస్తే ఇనుము బరువుకు నాలుగొందలు వస్తుందేమో. కానీ వేసే ధైర్యం ఎవరికీ లేదు. ఎందుకంటే అది నాన్నగారి మైకు సెట్టు.

ఊరు పెదపాడు. ఏలూరుకు పక్కనే. ఒకప్పుడు పశ్చిమ గోదావరి, 2022 నుంచి ఏలూరు జిల్లా. చుట్టూ వరిచేలు, చేపల చెరువులు, దక్షిణాన కొల్లేరు. ఆ ఇంటాయన బళ్లో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. ఆయన తండ్రి పెళ్లిళ్లకీ, శ్రీరామనవమి పందిళ్లకీ, ఎన్నికల ప్రచారానికీ మైకు సెట్లు అద్దెకిచ్చేవారు. ఎడ్లబండి మీద బ్యాటరీ, ఆంప్లిఫయరు, రెండు హారన్లు వేసుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగిన మనిషి. పెద్ద సెట్లన్నీ చివరిరోజుల్లో అమ్మేశారు. గుడి భజనకు వాడే చిన్న సెట్టు ఒక్కటే మిగుల్చుకున్నారు. రెండు ఈఎల్‌ 84 వాల్వులున్న ఆంప్లిఫయరు. గట్టిగా లెక్కేస్తే పది వాట్లు!

ఈసారి దసరాకు మూట కిందికి దిగినప్పుడు అందులోంచి ఒక క్యాసెట్టు బయటపడింది. మీద నాన్నగారి చేతిరాత... ‘నవమి 1986’.

క్యాసెట్టు ప్లేయరు ఎక్కడో పట్టుకొచ్చి పెడితే భజనలు, ప్రసాదం పిలుపులు, చందాల చిట్టా... మధ్యమధ్యలో నాన్నగారి గొంతు. హైదరాబాదు నుంచి వచ్చిన కొడుకు దాన్ని సెల్‌ఫోన్లోకి ఎక్కించి నానమ్మకు వినిపించాడు. ఆవిడకు ఎనభై నాలుగు. ఒక చెవి ఏనాడో పోయింది. రెండోది వెళ్లిపోయే ప్రయాణంలో ఉంది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని రెండు నిమిషాలు విని, ‘ఎవర్రా ఈయన?’ అంది.

ఇల్లంతా ఒక్క క్షణం మూగబోయింది.

‘తాతయ్య నానమ్మా!’ అని మనవడు గట్టిగా చెప్పాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ‘ఇది మీ తాతయ్య గొంతు కాదురా. డబ్బాలోంచి ఎవరో మాట్లాడుతున్నట్టుంది.’

ఆ రోజే మాస్టారు నిశ్చయించుకున్నారు. అమ్మకు రెండో చెవి కూడా సెలవు చెప్పేలోగా, నాన్న సెట్టులోంచే నాన్న గొంతు వినిపించాలి. సెట్టు ఉంది. క్యాసెట్టు ఉంది. కావాల్సింది స్పీకరొక్కటే. అదెంత పని అనుకున్నారాయన. మూడు నెలలు పట్టింది.

పవర్‌పేటలో పరీక్ష

ముందు సెట్టుకు ప్రాణం పోయాలి. ఏలూరు పవర్‌పేటలో పాత రేడియోలు బాగుచేసే మేస్త్రి ఒకరున్నారని ఎవరో చెబితే, బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లారు. ఆ పెద్దాయన మూట విప్పి, ‘ఇంటి దగ్గర ప్లగ్గులో పెట్టారా మాస్టారూ?’ అని అడిగారు. లేదన్నాక ఊపిరి పీల్చుకున్నారు.

కారణం ఉంది. వాల్వు ఆంప్లిఫయరు లోపల మూడొందల వోల్టుల పైమాటే కరెంటు ఉంటుంది. ప్లగ్గు పీకేసినా కండెన్సర్లలో అది కొంతసేపు దాక్కునే ఉంటుంది. ముప్ఫయ్యేళ్లు పడుకున్న సెట్టును ఒక్కసారిగా లేపితే ఎండిపోయిన కండెన్సర్లు పేలతాయి, ట్రాన్స్‌ఫార్మర్‌ మాడుతుంది. మేస్త్రి ముందు కండెన్సర్లు మార్చారు. తరువాత మామూలు బల్బునొకదాన్ని వరసలో కలిపి కరెంటిచ్చారు. లోపల షార్టు ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, సెట్టు బతికిపోతుంది. బల్బు ఒక్కసారి మెరిసి సన్నగిల్లింది. కాసేపటికి రెండు వాల్వుల్లోనూ దీపపు వత్తుల్లా ఎర్రటి వెలుగు!

‘మాస్టారూ, ఒక్కమాట గుర్తుపెట్టుకోండి’ అన్నారు మేస్త్రి. ‘స్పీకరు తగిలించకుండా దీన్ని ఎప్పుడూ ఆన్‌ చెయ్యకండి. ట్రాన్సిస్టరు సెట్టయితే ఊరుకుంటుంది. ఇది ఊరుకోదు.’ వాల్వు సెట్టులో వాల్వులకీ స్పీకరుకీ మధ్య అవుట్‌పుట్‌ ట్రాన్స్‌ఫార్మర్‌ ఉంటుంది. అవతల మోసేవాడు లేకపోతే దానిలో వోల్టేజి అదుపు తప్పి లేచి, తీగ చుట్ల మధ్య నిప్పు రాజుకుంటుంది. సెట్టులో అన్నిటికంటే ఖరీదైనది, మళ్లీ దొరకనిది ఆ ట్రాన్స్‌ఫార్మరే.

సెట్టు వెనక మేకుల వరస చూపించారు. 4, 8, 16 ఓములు అని రాసుంది. ఎన్ని ఓముల స్పీకరైతే ఆ మేకుకే తగిలించాలి. ఎనిమిది ఓముల స్పీకరును ఎనిమిది మేకుకు. అంతే. ఇది జాతకంలో మొదటి పొంతన.

మొదటి సంబంధం

ఇంట్లో కొడుకు కొనిచ్చిన స్పీకర్లున్నాయి. నడుమెత్తు పొడుగు, సన్నగా, నల్లగా నిగనిగలాడుతూ. నాన్నగారి సెట్టు మోనో కాబట్టి ఒక్కటి చాలు. నాలుగు ఓములదని చూసి నాలుగు మేకుకు తగిలించి క్యాసెట్టు పెట్టారు మాస్టారు.

చిన్నగా పెడితే బాగానే ఉంది. అమ్మకు వినపడాలి కదా అని పెంచితే గొంతు చిరిగింది. డోలక్‌ దెబ్బ ‘ధన్‌’ అని ఆగాల్సింది ‘ధమ్మ్‌మ్‌’ అని సాగుతోంది. అమ్మ విని, ‘ముద్ద ముద్దగా ఉందిరా’ అని లేచి వెళ్లిపోయింది.

తప్పు సెట్టుదీ కాదు, స్పీకరుదీ కాదు. జోడు కుదరలేదు.

ప్రతి స్పీకరుకూ సెన్సిటివిటీ అని ఒక లెక్క ఉంటుంది. ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్‌ శబ్దం చేస్తుందన్నది. కొత్త స్పీకరు కాగితం మీద 84 అని ఉంది. ప్రతి మూడు డెసిబెల్స్‌కూ వాట్లు రెట్టింపు కావాలి. అంటే 96 డెసిబెల్స్‌ స్పీకరు పది వాట్లతో చేసే శబ్దాన్ని, 84 డెసిబెల్స్‌ స్పీకరు చెయ్యాలంటే నూట అరవై వాట్లుండాలి! లెక్కల మాస్టారికి ఇది అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎద్దు ఒక్కటే, బండిలో బరువు పదహారు రెట్లు.

మరి డోలక్‌ ఎందుకు సాగింది? దీనికి మేస్త్రి చెప్పిన పోలిక ఉయ్యాల. ఉయ్యాలను ఊపి వదిలేస్తే తనంతట తాను నాలుగుసార్లు ఊగి ఆగుతుంది. చేత్తో పట్టుకుంటే టక్కున ఆగుతుంది. స్పీకరు అట్ట కూడా ఉయ్యాలే. ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు దాన్ని గట్టిగా పట్టుకుని ఆపుతుంది. పాతకాలపు వాల్వు సెట్టు పట్టు అంత గట్టిది కాదు. కాబట్టి తనను తాను ఆపుకోగల స్పీకరును చూసి ఇవ్వాలి. పైగా నాలుగు ఓములని రాసిన స్పీకరు అన్ని స్వరాల దగ్గరా నాలుగే ఉండదు. ఒకచోట మూడుకు దిగుతుంది, ఇంకోచోట ఇరవైకి ఎక్కుతుంది. ట్రాన్సిస్టరు సెట్టు ఆ ఎగుడుదిగుళ్లను పట్టించుకోదు. వాల్వు సెట్టు మాత్రం ఓములు ఎక్కినచోట గొంతు పెంచుతుంది, దిగినచోట తగ్గిస్తుంది. ఆ ముద్దతనానికి మూలం అదే.

రెండో సంబంధం

అయితే నాన్నగారు ఇదే పది వాట్లతో ఊరంతా ఎలా వినిపించారు? ఆ ప్రశ్న రాగానే మాస్టారి చూపు పశువుల పాక వైపు తిరిగింది. అక్కడ తుప్పు పట్టిన హారన్‌ ఒకటి కోళ్లగంప పక్కన బోర్లా పడుంది. దాన్ని కడిగి, యూనిట్‌ మార్చి, పదహారు ఓముల మేకుకు తగిలించారు.

హాల్లో పిడుగు పడ్డట్టయింది. పక్కింటాయన గోడ మీంచి తొంగిచూసి, ‘ఎన్నికలేమైనా వచ్చాయా మాస్టారూ?’ అన్నాడు.

హారన్‌ గొప్పతనం అదే. సెన్సిటివిటీ 105 డెసిబెల్స్‌ దాకా ఉంటుంది. పది వాట్లిస్తే మీటరు దూరంలో 115. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా ఆరు డెసిబెల్స్‌ తగ్గుతుంది. ఆ లెక్కన కొబ్బరిచెట్టుకు కట్టిన హారన్‌ నూట ఇరవై ఎనిమిది మీటర్ల దూరంలో కూడా 73 డెసిబెల్స్‌ ఉంటుంది. ఎదురుగా కూర్చుని మాట్లాడుకునే మాట అరవైకి అటూఇటూ. అందుకే చెరువుగట్టు మీద బట్టలుతికేవాళ్లకు కూడా భజన వినపడేది. ఆ రోజుల్లో వాటు ఖరీదు. దాన్ని బ్యాటరీ లోంచి పిండుకోవాలి. అందుకే స్పీకరు దగ్గరే పొదుపు చేసేవారు. డెసిబెల్‌ అన్న మాట విన్నారో లేదో గానీ, పల్లెటూరి మైకు సెట్ల వాళ్లకు ఈ సూత్రం చేతివేళ్లకు తెలుసు.

అమెరికా సినిమా హాళ్లదీ ఇదే దారి. టాకీలు వచ్చిన కొత్తలో కొద్దిపాటి వాట్లతోనే వెయ్యిమంది కూర్చునే హాలును నింపేవారంటే, తెర వెనకాల మనిషెత్తు హారన్లుండేవి కనుకే. వెస్టర్న్‌ ఎలక్ట్రిక్‌ కంపెనీ 1938లో తెచ్చిన 300బి వాల్వు ఒంటరిగా ఇచ్చేది ఎనిమిది వాట్లే. ఆల్టెక్‌ లాన్సింగ్‌ వాళ్ల ‘వాయిస్‌ ఆఫ్‌ ది థియేటర్‌’ స్పీకర్లు 1945లో వచ్చాయి. ఆ మరుసటేడు పాల్‌ క్లిప్ష్‌ అనే ఇంజినీరు గది మూల గోడలనే హారన్‌లో భాగంగా వాడుకునే స్పీకరుతో కంపెనీ పెట్టాడు. 1954లో ఏఆర్‌ కంపెనీ చిన్నపెట్టెలో లోతైన బేస్‌ పలికించి కథ మార్చేసింది. దానికి వాట్లు ఎక్కువ కావాలి. తరువాత ట్రాన్సిస్టర్లు వచ్చి వాట్లు చవకయ్యాయి. పెట్టెలు చిక్కిపోయాయి. సెన్సిటివిటీ కూడా!

దీనికో సూత్రం ఉంది. చిన్న పెట్టె, లోతైన బేస్‌, తక్కువ వాట్లకే పెద్ద శబ్దం. ఈ మూడూ ఒకేచోట దొరకవు. ఏవో రెండు కోరుకోవాలి. చదువు, ఆస్తి, దగ్గరూరు... మూడూ కలిసొచ్చిన సంబంధం ఎవరింట కుదిరింది గనక?

ఇంతకీ అమ్మ ఏమందంటారా? హారన్‌ ముందు కూర్చుని విన్నది. ఈసారి గుర్తుపట్టింది. కానీ మొహంలో వెలుగు రాలేదు.

‘ఇది ఊళ్లోవాళ్లకు వినిపించే గొంతురా. ఇంట్లో గొంతు ఇది కాదు.’

ఇంటి గొంతు

ఆ రాత్రి మాస్టారికి నిద్రపట్టలేదు. అమ్మ మాటలోనే జవాబుందని తెలుస్తోంది. అదేమిటో తెల్లారి మేస్త్రి విప్పి చెప్పారు.

మగవాళ్ల గొంతుకు మూలస్వరం సెకనుకు వంద, నూట ఇరవై కంపనాల దగ్గరుంటుంది. పల్లెల్లో కట్టే హారన్‌ మూడొందల కింద దాదాపు పలకదు. మాట స్పష్టంగా తెలుస్తుంది గానీ ఛాతీలోంచి వచ్చే గంభీరం ఉండదు. సెల్‌ఫోను బుల్లి స్పీకరుకూ ఇదే లోటు. అమ్మ ‘డబ్బా’ అన్నది అందుకే. ఆవిడ వెతుక్కుంటున్నది అన్నం దగ్గర కూర్చుని మాట్లాడిన మనిషి గొంతు. అంటే వంద కంపనాల నుంచీ పలకాలి, పది వాట్లకు బరువు కాకూడదు, తనను తాను ఆపుకోవాలి.

హైదరాబాదులో ఉన్న కొడుకు అక్కడివాళ్లను అడిగి రెండు పేర్లు చెప్పాడు. ఒకటి బీబీసీ తన ప్రసార వ్యానుల కోసం 1970ల్లో తయారుచేయించిన ఎల్‌ఎస్‌ 3/5ఎ. చెప్పుల పెట్టెకన్నా కాస్త పెద్దది. మనిషి గొంతు పలికించడంలో పేరు మోసింది. విచిత్రమేమిటంటే దాని సెన్సిటివిటీ 83 లోపే. అయినా వాల్వు సెట్లవాళ్లు ముచ్చటపడి వాడేవారు. తొలిరకం పదిహేను ఓములది, పైగా చిన్నగదిలో దగ్గరగా కూర్చుని వినేవాళ్లకు వాట్లతో పెద్ద పని ఉండదు. కానీ చెవి తగ్గిన అమ్మకు దగ్గరగా పెట్టినా అది చాలదు. రెండోది విదేశీ హారన్‌ స్పీకరు. ఖరీదు లక్షల్లో ఉంది. ‘నేను కొంటాను నాన్నా’ అన్నాడు కొడుకు. ‘మీ తాతయ్య వింటే నవ్వుతాడురా’ అన్నారు మాస్టారు.

మేస్త్రి చెప్పిన దారి చవక. పాత వాల్వు రేడియోలు గుర్తున్నాయా? వెనకవైపు అట్ట, దానికి చిల్లులు. పెట్టె మూసి ఉండేది కాదు. మూసిన పెట్టెలో గాలి ఇరుక్కుని అట్టను ఎగదన్నుతుంది. తెరిచిన పలకకు బిగిస్తే ఆ పేచీ లేదు, గొంతు స్వేచ్ఛగా వస్తుంది. కాకపోతే పలక పెద్దదిగా ఉండాలి. స్పీకరు ముందుకు తోసినంత గాలినే వెనక్కీ లాగుతుంది. వంద కంపనాల స్వరం ఒక్క అలే మూడున్నర మీటర్ల పొడవు. చిన్న పలకైతే వెనక అల ముందుకు తిరిగొచ్చి ముందు అలను మింగేస్తుంది. పలక ఎంత వెడల్పయితే గొంతు అంత లోతుకు దిగుతుంది.

విజయవాడ గవర్నరుపేటలో రెండువేల చిల్లరకు పన్నెండంగుళాల స్పీకరు దొరికింది. ఎనిమిది ఓములు, 95 డెసిబెల్స్‌, కాగితపు అట్ట, మధ్యలో సన్నటి స్వరాలకు చిన్న గరాటు. అట్ట చుట్టూ అంచు ఫోముదా, గుడ్డదా అన్నది ముఖ్యంగా చూసుకోమన్నారు మేస్త్రి. కొల్లేటి చెమ్మగాలికి ఫోము కొన్నేళ్లకే పొడిపొడిగా రాలిపోతుంది. గుడ్డ అంచయితే మనవల దాకా ఉంటుంది. ఊళ్లో వడ్రంగి మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు మందపాటి ప్లైవుడ్‌ పలక కోశాడు. స్పీకరును నట్టనడిమికి కాకుండా కాస్త పక్కకు జరిపి బిగించారు. నట్టనడుమ పెడితే నాలుగు అంచుల నుంచీ అల ఒకేసారి తిరిగొచ్చి దెబ్బకొడుతుందట. వెనక రెండు కాళ్లు పెట్టి, గోడకు మూడడుగుల దూరంలో నిలబెట్టారు.

ఇంకో చిక్కు మిగిలింది. నున్నటి రాతి పలకల నేల, నాలుగు పక్కలా గోడలు. చప్పట్లు కొడితే గది తిరిగి కొడుతోంది. దానికి మందు మాస్టారి ఇల్లాలు చూపించింది. పెళ్లినాడు పుట్టింటివాళ్లు పెట్టిన ఏలూరు ఉన్ని తివాచీ పెట్టెలోంచి తీసి స్పీకరు ముందు పరిచింది. పర్షియా నుంచి ఈ గోదారి గట్టుకు వచ్చి స్థిరపడిన నేత అది. మందపాటి ఉన్ని ప్రతిధ్వనిని మింగేస్తుంది. నలభయ్యేళ్లు మడతల్లో పడున్న తివాచీకి అలా పని దొరికింది.

సౌండు తగ్గించండి!

ఒక ఆదివారం సాయంత్రం. అమ్మను వాలుకుర్చీలో, స్పీకరుకు ఐదడుగుల దూరంలో కూర్చోబెట్టారు. మాస్టారు ముందు స్పీకరు తీగ బిగిసి ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నారు. తరువాత స్విచ్చి వేశారు. వాల్వులు ఎర్రబడేదాకా అరనిమిషం ఎవరూ మాట్లాడలేదు. క్యాసెట్టు తిరిగింది.

ముందు గరగర. ఎవరో మైకును వేలితో తట్టారు. చిన్న దగ్గు. గొంతు సవరించుకున్న చప్పుడు. ఆ తరువాత...

‘హలో... హలో... మైక్‌ టెస్టింగ్‌...’

ఎదురుగా కూర్చుని పలకరించినట్టుంది. గంభీరంగా, ఇంత తొందర లేకుండా. మాస్టారు అమ్మ మొహంలోకి చూశారు. ఆవిడ ‘హలో’ దాకా ఆగలేదు. ఆ దగ్గు దగ్గరే నిటారుగా కూర్చుంది. పమిట కొంగు భుజం మీదకు లాక్కుంది. చందాలిచ్చినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే వస్తుంటే, ‘ఈయన పోయాడు... ఈవిడా పోయింది...’ అని తనలో తాను చెప్పుకుంది. ఒక పేరు దగ్గర నవ్వింది కూడా. ఆయనిచ్చేది ఐదు రూపాయలైనా పేరు మూడుసార్లు చదవమనేవాడట!

క్యాసెట్టులో నాన్నగారు ప్రసాదం పంచుతున్నామని పిలిచారు. మాస్టారు అమ్మకు ఇంకా బాగా వినపడాలని మర కాస్త కుడివైపు తిప్పారు. ఒకప్పుడు వాకిట్లో సెట్టు పరీక్ష చేసే మొగుడితో రోజూ అన్నమాటే ఆవిడ నోటివెంట వచ్చింది. కళ్లు మాత్రం ఆ పలక మీదే ఉన్నాయి.

‘సౌండు తగ్గించండి. ఊరంతా వింటున్నారు.’